మట్టిలో గూడ్సు, నీళ్ళలో దొరగారు

గిరిధర్ దేనికి రాకపోయినా దొరగారి స్నానానికి మాత్రం తప్పకుండా వస్తాడు. హరిణి ఈ మాట నవ్వుతూనే చెప్పింది. కానీ విన్న జ్యోత్స్నకు నవ్వు రాలేదు.

గిరిధర్ హరిణి వాళ్ళ నాన్న. దొరగారంటే వాళ్ళ హాల్లో గాజుతొట్టిలో ఉండే క్రేఫిష్. చూడటానికి పెద్ద రొయ్యలా ఉంటుంది గానీ, ఎండ్రకాయకున్నట్టు ముందు రెండు డెక్కలుంటాయి. ఒళ్ళంతా సిరా ఒలికినంత నీలం. పొడుగాటి మీసాలు ఆడించుకుంటూ గులకరాళ్ళ మీద అటూ ఇటూ తిరుగుతుంటే, ఊరి పొలిమేరలు చూడటానికి బయలుదేరినట్టే ఉంటుంది. ఆ పేరు పెట్టింది గిరిధరే.

ఏడాదిన్నర కింద గిరిధర్, హరిణి వాళ్ళ అమ్మ శిరీష విడిపోయారు. అతను దేవనహళ్ళిలో తనతో పనిచేసేవాళ్ళతో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు. ఆ గదిలో మంచం పక్కన మంచం తప్ప తొట్టి పెట్టడానికి చోటు లేదు. శిరీషేమో ఆ నీళ్ళలో వేలు కూడా పెట్టదు. అందుకని రెండు వారాలకోసారి, ఆదివారం పదింటికి, గిరిధర్ వచ్చి నీళ్ళు మార్చి, గాజు తుడిచి, పన్నెండింటికి వెళ్ళిపోవాలని ఏర్పాటు. పనుంటే రావచ్చు, ఊరికే కూర్చోవడానికి మాత్రం వద్దని శిరీష ముందే చెప్పింది.

"బయటికి తీసుకెళ్తానని ఫోర్ టైమ్స్ చెప్పాడు జో," అంది హరిణి ఒకరోజు. "నాలుగుసార్లూ రెడీ అయి కూర్చున్నా. నాలుగుసార్లూ ఏదో పని పడింది. దొరగారికి మాత్రం ఒక్క సండే కూడా మిస్ కాలేదు."

"ఎందుకని?"

"అడిగా. దానికి నోరు లేదు కదమ్మా, రాలేదేంటని అడగలేదు, అందుకే మానలేను అన్నాడు." హరిణి తొట్టి గాజు మీద వేలితో గీసింది. "నాకు నోరుంది. అదే ప్రాబ్లం."

జ్యోత్స్నకు నోరున్నా లేనట్టే. కనిగిరి దగ్గర పల్లెటూళ్ళో తెలుగు మీడియంలో పది చదివి, మేనత్త మార్త తీసుకొస్తే ఈ జూన్‌లో బెంగళూరు వచ్చింది. మార్త ఆసుపత్రిలో నర్సు. కాడుగోడిలో వీరభద్రం గారి మూడంతస్తుల ఇంట్లో, మొదటి అంతస్తులో అద్దెకుంటోంది. హరిణి వాళ్ళది మూడో అంతస్తు. ఇద్దరూ ఒకే కాలేజీలో మొదటి సంవత్సరం. క్లాసులో జ్యోత్స్న గొంతు హాజరు పలికేటప్పుడు తప్ప ఇంకెప్పుడూ వినిపించేది కాదు. కూరగాయల బండివాణ్ణి కొత్తిమీర అడగడానికి కూడా పక్కన ఇంకెవరైనా వచ్చేదాకా ఆగేది.

వాళ్ళిద్దరినీ కలిపింది ఒక రోకలిబండ.

కీళ్ళకాళ్ళ జీవుల్లో ఏవైనా రెండింటిని బతికుండగా గమనించి, వాటి మధ్య పది తేడాలు రాసుకురమ్మని బయాలజీ మేడం చెప్పింది. హరిణి దగ్గర క్రేఫిష్ ఉంది. రెండోది కావాలి. బొద్దింకను తేనంది. అప్పుడు జ్యోత్స్న, వెనక బెంచీలోంచి, తనకే వినపడనంత మెల్లగా, "మన మిద్దె మీద కుండీల కింద రోకలిబండలున్నాయి," అంది. హరిణి గిరుక్కున వెనక్కి తిరిగి, "నువ్వు మాట్లాడతావా?" అంది.

ఆ సాయంత్రం మిద్దె మీద జ్యోత్స్న గోరింటాకు కుండీ జరిపి, తడిమట్టిలోంచి గోధుమరంగు రోకలిబండను తీసి అరచేతిలో పెట్టుకుంది. అది చుట్ట చుట్టుకుంది. కాసేపటికి విప్పుకుని మణికట్టు మీదుగా పాకింది. హరిణి నీళ్ళట్యాంకు వెనక దాక్కుంది.

మొక్కలకు నీళ్ళు పోయడానికొచ్చిన వీరభద్రం చూసి, "ఏం పాపా, జెర్రిని చేతిలో పెట్టుకోనుండావే?" అన్నాడు. వాళ్ళ తాతల కాలంలోనే మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి.

"జెర్రి కాదు తాతా, రోకలిబండ. కుట్టదు."

"కుట్టకపోతే ఇన్ని కాళ్ళెందుకప్పా దానికి? సుమ్నే, ఊరికే తిరిగేకా?"

హరిణి ట్యాంకు వెనకనుంచే పగలబడి నవ్వింది. నడిచేటప్పుడు గూడ్సు బండిలా ఉందని దానికి గూడ్సు అని పేరు పెట్టింది. ప్లాస్టిక్ డబ్బాలో మట్టి, ఎండుటాకులు వేసి తొట్టి పక్కనే ఇల్లు కట్టించింది.

తేడాలు రాయడానికి మూడు సాయంత్రాలు పట్టింది. గూడ్సుకు ఒక్కో కణుపుకు రెండు జతల కాళ్ళు, దొరగారికి డెక్కలతో కలిపి మొత్తం ఐదు జతలే. గూడ్సుకు ఒక జత మీసాలు, దొరగారికి రెండు జతలు. భయమేస్తే గూడ్సు చుట్టుకుంటుంది, దొరగారు తోక విదిలించి వెనక్కి దూకుతాడు. నాలుగోది పుస్తకంలో చూసి రాశారు: రోకలిబండ ఒంటి పక్కనున్న సన్నటి రంధ్రాలతో గాలి పీలుస్తుంది, క్రేఫిష్ మొప్పలతో నీటిలోని ప్రాణవాయువును తీసుకుంటుంది. జ్యోత్స్న దాన్ని గుండ్రటి చేతిరాతతో రాసి, కింద స్కేలు పెట్టి గీత గీసింది. అలా తొమ్మిది దొరికాయి. పదోది ఎంతకీ తట్టలేదు. చివరికి హరిణి, "మిల్లిపీడ్‌ను జ్యోత్స్న చేత్తో పట్టుకుంటుంది. క్రేఫిష్‌ను మా నాన్న తప్ప ఎవరూ పట్టుకోరు" అని రాసింది. మేడం దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, ఇద్దరికీ పదికి తొమ్మిది వేసింది.

ఆగస్టులో గూడ్సు తిండి మానేసింది. తర్వాత రెండు రోజులు కదల్లేదు. వేలితో తాకితే చుట్టుకోలేదు కూడా. హరిణి ఏడుస్తూ డబ్బా పట్టుకుని కిందికి పరిగెత్తుకొచ్చింది. జ్యోత్స్న చూసి, "చచ్చిపోలేదు. కుబుసం విడవబోతోంది," అంది. ఊళ్ళో జ్యోత్స్నకు ఆమె నాయనమ్మ శనగచేలో చూపించింది. ఆ సమయంలో రోకలిబండ పైన ఉంటే చచ్చిపోతుంది. తడిమట్టి కింద, చీకట్లో, ఎవరూ కదపకుండా ఉంటే లేస్తుంది. జ్యోత్స్న వేలితో మట్టిలో గుంట చేసి, దాన్ని పడుకోబెట్టి, పైన మట్టి, ఆకులు కప్పింది.

పదిహేను రోజుల తర్వాత గూడ్సు మట్టిలోంచి బయటికొచ్చింది. నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. హరిణి జ్యోత్స్నను వాటేసుకుని మెట్ల మీదే గిరగిరా తిప్పింది. "నువ్వు డాక్టర్‌వే జో," అంది. జ్యోత్స్నను అంతకుముందు ఎవరూ అలా పట్టుకుని తిప్పలేదు. ఆ మాట కూడా ఎవరూ అనలేదు. ఆ రాత్రి ఆమె అన్నం తింటూ తనలో తనే నవ్వుకుంటే మార్త, "ఏందే, పిచ్చి పట్టిందా?" అని అడిగింది.

సెప్టెంబరులో హరిణి వాళ్ళ అమ్మమ్మకు విజయవాడలో కంటి ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. శిరీష, హరిణి నాలుగు రోజులు వెళ్ళారు. ఇంటి తాళం జ్యోత్స్నకిచ్చారు.

"మార్నింగ్ ఒక మేత గుళిక, ఈవెనింగ్ ఉడకబెట్టిన క్యారెట్ ముక్క. అంతే," అంది హరిణి. సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగింది. "జో, జాగ్రత్త. సండే నాన్న వస్తాడు. అప్పటికి నేనూ వచ్చేస్తా. దొరగారు బాగుండాలి."

"బాగుంటాడు," అంది జ్యోత్స్న.

బుధవారం దొరగారు గుళిక తినలేదు. గురువారం క్యారెట్ అలాగే ఉంది. నీలం కాస్త మాసిపోయినట్టు కనిపించింది. శుక్రవారం పొద్దున తలుపు తీసి చూసేసరికి ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాడు. గాజు మీద తట్టితే డెక్కలు లేవలేదు. కాళ్ళు మాత్రం ఉండుండి సన్నగా వణుకుతున్నాయి.

జ్యోత్స్న గాజుకు ముఖం ఆనించి చాలాసేపు చూసింది. చచ్చిపోలేదు. తిండి మానేయడం, రంగు మాయడం, కదలకపోవడం, అన్నీ తనకు తెలిసినవే. కుబుసం విడవబోతున్నాడు.

తొట్టికి ఒక పక్కన కాగితం అంటించి ఉంది. గిరిధర్ చేతిరాత. "ఏ మాత్రం తేడాగా ఉన్నా ఫోన్ చేయండి." కింద నంబరు. శిరీష కోసం ఎప్పుడో అంటించిన కాగితం. నీళ్ళు చిలికి సగం అక్షరాలు అలుక్కుపోయినా అంకెలు బాగానే ఉన్నాయి.

జ్యోత్స్న కిందికి వెళ్ళింది. నైటు డ్యూటీ చేసొచ్చి పడుకున్న మార్త పక్కనుంచి ఫోన్ తీసుకుని మళ్ళీ పైకి వచ్చింది. ఒక్కో అంకె చూసి నొక్కింది. తొమ్మిది అంకెలు నొక్కాక వేలు ఆగిపోయింది. ఆయన ఎత్తితే ఏమనాలి? నేను జ్యోత్స్నను అంటే ఎవరని అడుగుతాడేమో. ఆఫీసులో ఉంటాడేమో. హరిణి వాళ్ళు లేనప్పుడు వాళ్ళింట్లో నుంచి, ఆయనతో ఒక్కసారైనా మాట్లాడని తను... తొమ్మిది అంకెలూ చెరిపేసింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ చెరిపేసింది. విజయవాడకు చేద్దామంటే ఇవాళే ఆపరేషన్.

అయినా తనకు తెలిసిన పనే కదా అనుకుంది. తొట్టి అడుగున గులకరాళ్ళే ఉన్నాయి. తడిమట్టి లేదు, చీకటి లేదు. పాపం, ఎక్కడ పడుకుంటాడు? నీళ్ళు లేకపోతే ఎలా అన్న అనుమానం రాకపోలేదు. కానీ నీళ్ళు మార్చేటప్పుడు గిరిధర్ అతన్ని తడిగుడ్డ వేసిన బకెట్లో అరగంటకు పైగా ఉంచడం కళ్ళారా చూసింది. ఒకసారి తొట్టిలోంచి దూకి సాయంత్రమంతా సోఫా కింద తిరిగాడని హరిణి చెప్పింది. తడి ఉంటే చాలు.

వెడల్పు మూతి ఉన్న ఖాళీ సీసా కడిగి, మిద్దె మీది మెత్తటి మట్టి తెచ్చి, పిడికిట పడితే ముద్దయ్యేంత తడిపింది. రెండు చేతులూ నీళ్ళలో పెట్టి దొరగారిని ఎత్తింది. అతన్ని చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. బరువు లేడు. మట్టిలో గుంట చేసి పడుకోబెట్టింది. పైన మట్టి, ఆకులు కప్పింది. చిన్నప్పటి అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన కూడా చేసింది.

శనివారం సాయంత్రం హరిణి వచ్చీ రాగానే ఖాళీ తొట్టి చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. జ్యోత్స్న సీసా చూపించి జరిగిందంతా చెప్పింది. హరిణి ముఖం విచ్చుకుంది.

"అంటే గూడ్సు లాగేనా? కొత్తగా వస్తాడా?"

"పదిహేను రోజులు కదపకూడదు."

"ఓకే డాక్టర్," అంది హరిణి.

మరునాడు పదింటికి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. కింద వీరభద్రం, "ఏమప్పా గిరీ, రొయ్యకు నీళ్ళు పోసేకి వస్తివా?" అనడం, గిరిధర్ ఏదో అని నవ్వడం పైకి వినిపించాయి. హరిణి తలుపు తీసి అడ్డంగా నిలబడింది.

"నాన్నా, సర్‌ప్రైజ్. ఇవాళ దొరగారు స్నానానికి రారు. లీవ్‌లో ఉన్నారు."

"అబ్బో. ఎవరు శాంక్షన్ చేశారు?" గిరిధర్ నవ్వుతూ నీళ్ళ పైపు చుట్ట కింద పెట్టాడు. "ఎక్కడ దాచావ్?"

హరిణి సీసా రెండు చేతులతో ఎత్తి చూపించింది. "ఇందులో. కుబుసం విడుస్తున్నాడు. జో పెట్టింది."

గిరిధర్ ముఖంలో నవ్వు ఉన్నట్టుండి మాయమైంది. సీసా తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. ఒక చెంచా ఇమ్మన్నాడు. ఆకులు తీశాడు. మట్టిని కొంచెం కొంచెంగా, నిద్రపోయే పిల్ల మీది దుప్పటి తొలగించినట్టు తీశాడు. సగం దాకా వెళ్ళేసరికి నీచు వాసన వచ్చింది.

వీపు మీద పెంకు అడ్డంగా చీలి ఉంది. ఆ చీలికలోంచి లేతనీలం ఒళ్ళు సగం బయటికొచ్చి ఆగిపోయింది. మీసాలకు, డెక్కల సందుల్లో, అంతటా మట్టి.

"అది పాతదే కదా నాన్నా," అంది హరిణి. "లోపల కొత్తది ఉంటుంది కదా."

"ఉందమ్మా. బయటికి రాలేకపోయింది."

గిరిధర్ తలెత్తి జ్యోత్స్నను చూశాడు. "ఎప్పుడు పెట్టావు తల్లీ?"

"శుక్రవారం పొద్దున."

"అప్పటికి కదులుతున్నాడా?"

లేదని చెప్పొచ్చు. చచ్చిపోయాడనుకున్నానని చెప్పొచ్చు. జ్యోత్స్న, "కాళ్ళు వణుకుతున్నాయి అంకుల్," అంది.

గిరిధర్ తలాడించాడు. "ఇది నీళ్ళలోనే విడుస్తుందమ్మా. అలా వదిలేసుంటే కాసేపట్లో అయిపోయేది. నీళ్ళలో ఉంటేనే మొప్పలకు గాలి అందుతుంది. మామూలప్పుడు కాసేపు తట్టుకుంటాడు గానీ, ఇలాంటప్పుడు, మట్టి మీద పడితే..." ఆగాడు. "ఇంతకుముందు మూడుసార్లు విడిచాడు. విడిచిన పెంకును తనే తినేస్తాడు, అందుకే మీకెవరికీ తెలియలేదు. ఫోన్ చేసి ఉంటే చెప్పేవాణ్ణి."

ఆ మాట తిట్టినట్టు అనలేదు. కానీ జ్యోత్స్నకు తొమ్మిది అంకెలూ వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి. నోట్సులో నాలుగో తేడా కూడా కనిపించింది. మొప్పలు. తన చేత్తో రాసింది. కింద స్కేలు పెట్టి గీత గీసింది. మేడం టిక్కు పెట్టింది.

శిరీష వంటింటి గుమ్మంలో నిలబడి ఎప్పటినుంచి చూస్తోందో. దగ్గరికొచ్చి హరిణి తల మీద చెయ్యి వేసింది. హరిణి ఆ చెయ్యి తీసేసి, "ఇంకోటి తెస్తావు కదా నాన్నా?" అంది. "సేమ్ బ్లూ. ఇవాళే తేవచ్చు. నేనూ వస్తా."

గిరిధర్ శిరీష వైపు చూశాడు. ఆమె, "వద్దు గిరీ," అంది. "రెండు వారాలకోసారి ఇది ఎదురుచూడటం, ఆ పన్నెండయ్యాక ఇది అన్నం తినకపోవడం నేను చూస్తున్నా. ఇంక చాలు. తొట్టి కూడా తీసుకెళ్ళిపో."

"అమ్మా," అంది హరిణి. అంతే అంది.

గిరిధర్ వాదించలేదు. కాస్త వాదిస్తే బాగుండునని జ్యోత్స్నకు అనిపించింది. అతను పైపు తొట్టిలో పెట్టాడు. "రెండో కొస పట్టుకుంటావా తల్లీ," అని జ్యోత్స్ననే అడిగాడు. ఆమె బకెట్ దగ్గర కూర్చుని పట్టుకుంది. నీళ్ళు చిన్నగా దిగుతున్నాయి. తొట్టిలో నీటిమట్టం గులకరాళ్ళ దాకా దిగేసరికి ఎప్పుడూ ఆగేది. ఆ రోజు ఆగలేదు. రాళ్ళ మధ్య నానిపోయిన క్యారెట్ ముక్క ఒకటి తేలింది.

పన్నెండు కాకముందే పని అయిపోయింది. గిరిధర్ తొట్టిని పాత దుప్పట్లో చుట్టి, మెట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ దిగాడు. కింద వీరభద్రం, "ఎక్కడికప్పా ఇది? రొయ్య ఏమాయ?" అని అడిగాడు. గిరిధర్ ఏమీ చెప్పకుండా ఆటో ఎక్కాడు. పైన హరిణి కిటికీ దగ్గరికి కూడా రాలేదు. తొట్టి ఎత్తినప్పుడు ఊడిపోయిన నంబరు కాగితం నేల మీద తడిగా పడి ఉంటే, జ్యోత్స్న తీసుకుని గుప్పిట్లో దాచుకుంది.

మరునాడు హరిణి మొదటి అంతస్తుకు వచ్చి గూడ్సు డబ్బా ఇచ్చింది.

"ఇది నీది," అంది.

"హరిణీ, నేను..."

"నీ మీద కోపం లేదు జో. నిజంగా లేదు." ఆమె కళ్ళు డబ్బా మీదే ఉన్నాయి. "దీన్ని చూడలేను. అంతే."

ఆ తర్వాత కాలేజీ బస్సులో హరిణి ముందు సీట్లో కూర్చునేది. జ్యోత్స్న మళ్ళీ హాజరు పలకడానికి మాత్రమే నోరు తెరిచేది. గూడ్సు ఆకులు కొరుకుతూ హాయిగా తిరుగుతోంది. దాన్ని చూస్తే జ్యోత్స్నకు ఒక్కోసారి కోపం వచ్చేది. దాని తప్పు ఏమీ లేదని తెలిసినా వచ్చేది.

రెండు వారాలకు ఆదివారం వచ్చింది. పదింటికి జ్యోత్స్న తలుపు తీస్తే హరిణి మెట్ల మీద కూర్చుని ఉంది. కింద గేటు చప్పుడైతే చాలు, మెడ సాచి చూస్తోంది. పాలవాడు వచ్చాడు. గ్యాసు బండవాళ్ళు వచ్చారు. పన్నెండయ్యాక లేచి పైకి వెళ్ళిపోయింది. మరో రెండు వారాలకు మళ్ళీ అదే చోట, అదే మెట్టు మీద కూర్చుంది.

జ్యోత్స్న తలుపు దగ్గరికి వేసింది. మార్త చర్చికి బయలుదేరుతూ జడ వేసుకుంటోంది.

"అత్తా, ఒక ఫోన్ చేసుకోవాలి."

"నువ్వా?" మార్త దువ్వెన ఆపి చూసింది. ఇంకేమీ అడగకుండా ఫోన్ ఇచ్చింది.

జ్యోత్స్న కాగితం విప్పింది. పది అంకెలూ నొక్కింది. అటు మోగుతుంటే కాగితాన్ని మళ్ళీ మడిచింది.

"హలో, ఎవరు?"

"అంకుల్, నేను జ్యోత్స్నను. దొరగారిని..." తనెవరో చెప్పడానికి అంతకంటే వేరే మాట దొరకలేదు. "హరిణి మెట్ల మీద కూర్చుని ఉంది అంకుల్. పోయిన తూరి ఆదివారం కూడా కూర్చుంది. పది నుంచి పన్నెండు దాకా."

అటునుంచి రైలు వచ్చి ఆగిన చప్పుడు, కన్నడంలో ఏదో ప్రకటన వినిపించాయి. తలుపులు మూసుకున్నాయి. రైలు వెళ్ళిపోయింది.

"కె.ఆర్.పురం మెట్రో స్టేషన్లో ఉన్నానమ్మా," అన్నాడు గిరిధర్. "పోయినసారి కూడా ఇక్కడిదాకా వచ్చాను. బండి ఎక్కలేక వెనక్కి పోయాను. ఏమని రావాలి తల్లీ? వట్టి చేతులతో వెళ్ళి తలుపు కొట్టి, ఏం పని మీద వచ్చానని చెప్పాలి?"

అది పెద్దవాళ్ళకు తను చెప్పేది కాదనిపించింది జ్యోత్స్నకు. "మెట్ల మీదే ఉంది అంకుల్," అని మళ్ళీ అదే చెప్పింది. అటు ఫోన్ పెట్టేశారు.

ఆమె బయటికొచ్చి హరిణికి రెండు మెట్ల కింద కూర్చుంది. హరిణి లేచి వెళ్ళలేదు.

"మీ నాన్న కె.ఆర్.పురంలో ఉన్నాడంట," అంది జ్యోత్స్న. "పోయినసారి కూడా అక్కడిదాకా వచ్చి వెనక్కి వెళ్ళాడంట."

"ఎవరు చెప్పారు?"

"ఫోన్ చేశా."

హరిణి గేటు వైపు తిరిగింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, గూడ్సు కాళ్ళు లెక్కపెట్టిన రోజున మడిచినట్టే, కె.ఆర్.పురం నుంచి ఇటు వచ్చే ఒక్కో స్టేషన్‌కు ఒక్కో వేలూ మడవసాగింది. "సింగయ్యనపాళ్య. గరుడాచార్‌పాళ్య. హూడి. సీతారామపాళ్య. కుందలహళ్ళి..." "హోప్‌ఫామ్" దగ్గరికి వచ్చేసరికి పది వేళ్ళూ అయిపోయాయి. ఇంకో స్టేషన్ మిగిలింది. మడిచిన పిడికిళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది.

జ్యోత్స్న రెండు మెట్ల కిందనుంచి తన చూపుడువేలు ముందుకు పెట్టింది. హరిణి దాన్ని పట్టుకోలేదు, తోసేయలేదు కూడా.

"కాడుగోడి," అంది.

కింద గేటు చప్పుడైంది. వీరభద్రమే, గేటు పక్కన పూలకుండీ జరుపుతున్నాడు.